వాతాపి పులకేశి

మా పాలెంలో చక్రవర్తులు ఇద్దరు. ఇద్దరూ పులకేశులే. ఒకరు నర్మద పులకేశి, ఇంకొకరు వాతాపి పులకేశి. నర్మద పులకేశి అసలు పేరు సంజీవరావు. కృష్ణపట్నం రోడ్డు మీద సిమెంటు కొట్టుంది. వాతాపి పులకేశి పేరు ముత్యాలయ్య. పోర్టులో బొగ్గు లారీల మీదికెక్కి టార్పాలిన్ పట్టాలు కడతాడు. నేను రాస్తున్నది ఈ ముత్యాలయ్య గురించి. సంజీవరావు గురించి సంజీవరావే చెప్పుకుంటాడు, మన సాయం అక్కర్లేదు.

నాటకాల సంగతి ఎరగనివాళ్ళకు ఇది కొంచెం విడమరిచి చెప్పాలి. మా వైపు పద్యనాటకంలో రాజు వేషాన్ని ఒక్కడే మొదటినుంచి చివరిదాకా మోయడు. ఈ రంగానికి ఒకడు, ఆ రంగానికి ఒకడు అని పంచుకుంటారు. ముందు రంగంలో బొద్దుగా ఎర్రగా ఉన్న మహారాజు, తెర పడి లేచేసరికి సన్నగా నల్లగా అయిపోతాడు. జనం ఏమీ అనుకోరు. కిరీటం అదే, కత్తి అదే, కాబట్టి రాజూ ఆయనే.

మా పులకేశి నాటకం రాసింది మా ఊరి బడిలో తెలుగు చెప్పి, ఇక్కడే కన్నుమూసిన మాస్టారు. పదమూడు వందల ఏళ్ళు దాటిన కథ. మొదటి సగంలో చాళుక్య పులకేశి మంచి వయసులో ఉంటాడు. ఉత్తరదేశమంతా ఏలే హర్షవర్ధనుణ్ణి నర్మద దాటనివ్వడు. దక్షిణాన పల్లవ మహేంద్రవర్మను కంచి కోటలోకి తరిమేస్తాడు. రెండో సగంలో ఆ మహేంద్రవర్మ కొడుకు నరసింహవర్మ సైన్యంతో వచ్చి, పులకేశి రాజధాని వాతాపినే పట్టుకుంటాడు. ముసలి పులకేశి అక్కడ కత్తి పట్టుకుని కూలిపోతాడు. ఆ రోజుల్లో మన సీమ పల్లవుల కింద ఉండేదనీ, ఈ సైన్యాలు మన చేలు తొక్కుకుంటూనే పోయి ఉంటాయనీ మాస్టారు రిహార్సల్లో చెబుతుండేవారు. ఆ లెక్కన పులకేశి మాకు పరాయి రాజు, శత్రువు కూడా. అయినా మా జనం ఎప్పుడూ ఆయన పక్షమే. నరసింహవర్మ వేషం వేసే ఆటో పెంచల్ ఇప్పటికీ ఈ విషయం తలుచుకుని మూతి ముడుస్తాడు.

నా పేరు క్రీస్తురాజు. ఆదివారం పొద్దున చర్చిలో కీర్తనలకు హార్మోనియం వాయిస్తాను, తిరునాళ్ళప్పుడు ఈ రాజులకు వాయిస్తాను. రెండు చోట్లా నా వంక ఎవరూ చూడరు. అందుకని నేను అందరినీ చూస్తుంటాను.

ముత్యాలయ్య తండ్రి కౌలుకు వరి పండించేవాడు. ముత్యాలయ్య బడికి పోయింది తక్కువ, తాటిచెట్లు ఎక్కింది ఎక్కువ. ఒకసారి బడి పక్కనున్న తాటిచెట్టు మీదనుంచి జారి వరిగడ్డి వామి మీద పడ్డాడు. మాస్టారు పాఠం ఆపి పరుగెత్తుకొచ్చేసరికి లేచి, పంచె దులుపుకుని, నమస్కారం పెట్టాడు. కొన్నేళ్ళకు నాటకానికి మనుషుల్ని ఏరుతున్నప్పుడు మాస్టారికి అది గుర్తొచ్చింది. "పద్యం నేను నేర్పుకుంటాను. పడటం ఎవరికీ నేర్పలేను. ఆ ముత్యాలయ్యను పిలవండి" అన్నారు. అలా వాతాపి పులకేశి అయ్యాడు. ఇప్పటికీ ఆ వేషం మనవాడిదే.

గొంతు గురించి చెప్పకపోతే తప్పు. బొగ్గు లారీ మీద పట్టా పరిచి, నాలుగు మూలలా తాడు బిగించి, ఆ పైన నిలబడి ముఖారి రాగంలో ఒక పద్యం ఎత్తుకున్నాడంటే వెనక లారీల డ్రైవర్లు హారన్ కొట్టడం మానేస్తారు. నోటినిండా బొగ్గు దుమ్ము పోయే మనిషికి ఆ గొంతు ఎలా నిలిచిందో దేవుడికే తెలియాలి. జేబులో బెల్లం ముక్క పెట్టుకుని చప్పరిస్తుంటాడు, అదే మందు అంటాడు.

కానీ ఆ గొంతు విన్నదెవరు? మా నాటకం రాత్రి భోజనాలయ్యాక మొదలయ్యేది. ముందంతా నర్మదే. సంజీవరావు ఒక్కో పద్యానికీ ఊపిరి ఆగిపోయేంత రాగం తీసేవాడు, జనం వన్స్ మోర్ అనేవాళ్ళు, ఆయన అనిపించుకునేవాడు. అది అయ్యేసరికి పిల్లలు చాపల మీద పడి నిద్ర, ముసలమ్మలు గోడకానుకుని నిద్ర, మిగతావాళ్ళు ఇళ్ళకు పోయేవాళ్ళు. అప్పుడు వచ్చేవాడు వాతాపి పులకేశి. వేరుశనక్కాయల బండివాడికీ, రెండు మూడు కుక్కలకీ, నాకూ వినపడేలా పాడి చనిపోయేవాడు. నాకు ఒళ్ళు మండేది. ముత్యాలయ్య మాత్రం ఎప్పుడూ నోరు తెరిచి ఒక్క మాట అనలేదు.

ఆయన బాధ అది కాదు. ఆయన భార్య కామాక్షి ఆ వేషం చూడలేదు. సరిగ్గా చెప్పాలంటే, ఒక్కసారి చూసింది.

పెళ్ళయిన ఏడాది. కడుపుతో ఉంది. కొత్తపెళ్ళికూతురని ముందు వరసలో కూర్చోబెట్టారు. పాపం, నిద్రాపుకుని చివరిదాకా ఉంది. ముత్యాలయ్య కత్తిపోటు తిని ఎత్తుగా ఉన్న మెట్టు మీదనుంచి వెల్లకిలా పడ్డాడు. పడటం అంటే అదీ. నేను కూడా హార్మోనియం మీదనుంచి చెయ్యి తీశాను. అంతే, ఆ పిల్ల కెవ్వున అరిచి, స్టేజీ ఎక్కి, కిరీటం లాగి పారేసి, "లెయ్ మావా, లెయ్! ఏమైంది మావా?" అని చెంపలు వాయించింది. నరసింహవర్మ మంచినీళ్ళు తెమ్మని కేకేశాడు. నిద్రపోతున్నవాళ్ళంతా లేచారు. ఆ నవ్వులు మా ఊళ్ళో ఈ రోజుకీ ఆగలేదు. ఎవరింట్లో పెళ్ళి జరిగినా ఆ ముచ్చట రాకుండా బంతి లేవదు.

కామాక్షికి తల కొట్టేసినట్టయింది. దానికన్నా పెద్దది భయం. కట్టుకున్నవాడు చచ్చిపడి ఉన్నట్టు కళ్ళారా చూసింది, అది పోవడం లేదు. ఆ ఏడాదినుంచి ఆ ఇంట్లో ఒక పద్ధతి వచ్చింది. నాటకం ఆడిన రోజు ఆమె తలుపేసుకుని లోపల కూర్చుంటుంది. ముత్యాలయ్య రంగు కడుక్కుని వచ్చి వాకిట్లో నిలబడాలి.

"ఎవురు?" అంటుంది లోపలినుంచి.

"నేను, ముత్యాలయ్యను."

"ఎంటెంబడి ఎవురన్నా వచ్చినారా?"

"ఎవురూ రాలా. నేనొక్కణ్ణే."

అప్పుడు తలుపు తీస్తుంది. చచ్చిన రాజు ఆయన వెంట ఇంట్లోకి రాకూడదని ఆమె పట్టు. కూతురు వాణి పెరిగి పెద్దదై తడ దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగంలో చేరినా ఆ పద్ధతి మాత్రం మారలేదు.

"అన్నా, నేను ఎట్లా పాడతానో దానికి తెలవదన్నా," అన్నాడు నాతో ఒకసారి టీ కొట్టు దగ్గర. "ఊరంతా చూడకపోయినా పర్లేదు. అది ఒక్కతి చూస్తే చాలు. ఒక్కసారి." ఆ మాట అని, సిగ్గుపడి, టీ గ్లాసు కడిగేసి వెళ్ళిపోయాడు.

ఈ ఏడాది గంగమ్మ తిరునాళ్ళకు కొత్త చిక్కు వచ్చింది. మైకు రాత్రి పదింటి దాకానే అని పోలీసులు అన్నారు. నాటకాన్ని నడిపించేది సంజీవరావు కాబట్టి తన కొట్టు ముందు కుర్చీలు వేయించి తీర్పు చెప్పాడు.

"ఎనిమిదికి ముందు జనం రారు. ఎనిమిదినుంచి పది దాకా నర్మదకే సరిపోతాది. వాతాపి తీసేస్తాం. ఈ ఏడే గాదు, ఇంక పైన గూడా అంతే. గెలుపుతో ముగిస్తే మంగళకరం గూడా."

ముత్యాలయ్య ఒక సిమెంటు బస్తా మీద కూర్చుని ఉన్నాడు. బెల్లం ముక్క జేబులోంచి తీసి, చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"వాతాపి లేకపోతే హార్మోనియమూ లేదు," అన్నాను.

"ఏంది క్రీస్తురాజూ, బెదిరిస్తాండావా?"

"అవును."

సంజీవరావు నవ్వబోయాడు. చుట్టూ ఎవరూ నవ్వలేదు. కావలి దాకా వెదికినా ఈ నాటకం వరసలు తెలిసిన హార్మోనిస్టు దొరకడని ఆయనకు తెలుసు. "మరి టైము యాడ తెస్తావు?" అన్నాడు.

"ముందే ఆడదాం. పొద్దుగూకక ముందు మొదలుపెడితే దీపాలు పెట్టేవేళకు వాతాపి అయిపోతుంది. తర్వాత మీ సన్మానాలు, ఉపన్యాసాలు చేసుకోండి. ఎనిమిదికి నర్మద."

"ముందు చచ్చిపోయి, తర్వాత గెలస్తాడా? కథ తలకిందులైపోయిందే!"

"మన జనానికి కథ కొత్తా? ఎల్లకాలం ఒక్కణ్ణే రెండు రంగులుగా చూస్తున్నారు, ముందూ వెనకా అయితే తట్టుకోలేరా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. ఆ వేళకు బడి గ్రౌండులో ఈగలు తప్ప ఎవరూ ఉండరనీ, తన రంగానికి జనం తాజాగా వస్తారనీ లెక్క వేసుకుని ఉంటాడు. "సరే, కానీ. జనం కుదురుకునేలోపల చచ్చిపొమ్మను," అన్నాడు.

బయటికొచ్చాక ముత్యాలయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. నేను అంతటితో ఆగలేదు. మర్నాడు వాళ్ళింటికే పోయాను. కామాక్షి వాకిట్లో కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది.

"అమ్మా, ఈసారి పొద్దుండగానే ఆడతన్నాం. నువ్వు రావాల," అన్నాను.

"నేను రాను అన్నా. మళ్ళా అరిస్తే?"

"అరవ్వు."

"అరిచేది నా చేతిలో ఉండాదా? నీకేం తెలుసు? ఆ పద్యాలన్నీ నాకూ వచ్చు. లారీ మీద పాడేది రోడ్డు దాకా ఇనపడతాది. కడాకు వచ్చే పద్యం మాత్రం ఇంట్లో పాడనియ్యను. ఆ పొద్దు ఆ మసక లైట్లలో పొట్ట ఎగురతాందో లేదో కనపళ్ళేదన్నా నాకు. అదీ నా బయం." కత్తిపీట మీద చెయ్యి ఆపింది. "పొద్దుంటే కనపడతాది గదా?"

"కనపడకేం?"

"చూస్తాలే," అంది. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

ఈ మాట ముత్యాలయ్యకు చెప్పాను. పడిపోయాక పొట్ట కొంచెం ఎగరేస్తూ ఉండు, ఆమెకు ధైర్యంగా ఉంటుంది అన్నాను. మెత్తటి మనిషి, ఏది చెప్పినా సరేననేవాడు, మొదటిసారి నా మీద కోప్పడ్డాడు.

"చచ్చినోడు ఊపిరి పీలస్తాడా అన్నా? దాన్ని పిలిచేది నా ఆట చూడమని. దొంగాట చూపించేదానికా?"

నేను గట్టిగా వాదించాను. వినలేదు. సరే నీ ఖర్మ అని తిట్టి వచ్చేశాను.

తిరునాళ్ళ రోజు బడి గ్రౌండులో ఎండ ఇంకా పూర్తిగా తగ్గకముందే నేను హార్మోనియం తెరిచాను. సంజీవరావు లెక్క ప్రకారం ఈగలే ఉంటాయని నేనూ అనుకున్నాను. కానీ మేమిద్దరం ఒకటి మరిచిపోయాం. పిల్లలు, ముసలివాళ్ళు అర్ధరాత్రి నిద్రపోతారు గానీ సాయంత్రం మెలకువగానే ఉంటారు. వాతాపి పులకేశిని జన్మలో చూడని ముసలమ్మలు చాపలు చంకన పెట్టుకుని వచ్చారు. రాత్రి డ్యూటీకి పోవాల్సిన పోర్టువాళ్ళు టిఫిన్ డబ్బాలతో వచ్చారు. లారీ డ్రైవర్లు రోడ్డు పక్కన బండ్లాపి క్యాబిన్ల మీదికెక్కారు. రెండో ప్రార్థనా పద్యానికల్లా గ్రౌండులో చోటు లేదు.

ముత్యాలయ్య తెరచాటునుంచి చూసి, "అన్నా, ఇంతమందా?" అన్నాడు. ఆయన కళ్ళు వెదుకుతున్నది ఒక్కరినే. ఆమె లేదు.

రంగం మొదలైంది. కోట మండుతోందని భటుడు వచ్చి చెబుతాడు. ముసలి చక్రవర్తి సింహాసనం మీదనుంచి లేచి, "హర్షుణ్ణి ఆపిన చెయ్యి ఇదేనా?" అని తన చెయ్యి తాను చూసుకుంటాడు. అది మాస్టారు రాసిన మాట. లారీ తాళ్ళు లాగి లాగి కాయలు కాసిన ఆ చెయ్యి ముత్యాలయ్య ఎత్తి పట్టుకుంటే, ముందు వరసలో ఒక ముసలమ్మ "అయ్యో నాయనా" అంది. తర్వాత ఎత్తుకున్న ముఖారి గురించి నేను చెప్పలేను. ఇన్నేళ్ళుగా కుక్కలకు వినిపించిన గొంతు అది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు, హార్మోనియం మెట్లు కనపడక ఒకచోట తప్పు కూడా వాయించాను.

సరిగ్గా అప్పుడే కామాక్షి కనపడింది. స్టేజీకి కుడివైపు, షామియానా గుంజ పట్టుకుని నిలబడి ఉంది. తొందరగా వచ్చినట్టుంది, జుట్టు కూడా ముడేసుకోలేదు.

నరసింహవర్మ కత్తి ఎత్తాడు. పులకేశి మెట్టు మీదనుంచి వెల్లకిలా పడ్డాడు, ఆ రోజుల్లో పడ్డట్టే. కిరీటం ఊడి, దొర్లి, స్టేజీ దిగి ఇసకలో పడింది. ఇక తెర పడాలి. పడలేదు. తాడు పైన ఎక్కడో చిక్కుకుంది. పక్కనుంచి లాగుతున్నారు, రావడం లేదు. పెంచల్ కత్తి దించాలో, అలాగే ఉండాలో తెలియక ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. ముత్యాలయ్య కదల్లేదు. పడమటి ఎండ నేరుగా ఆయన మీద పడుతోంది, అయినా పొట్ట ఎగరడం నాకే కనపడలేదు. ఆ మొండివాడు ఊపిరి బిగబట్టుకున్నాడు.

ఊరంతా ఒక్కసారి కామాక్షి వైపు తిరిగింది. వెనక ఎవడో ముందే నవ్వడం మొదలుపెట్టాడు. ఆమె గుంజ వదిలి స్టేజీ వైపు నడిచింది. అయిపోయింది, ఈసారి కూడా అయిపోయింది అనుకున్నాను.

ఆమె స్టేజీ ఎక్కలేదు. వంగి, ఇసకలోంచి కిరీటం తీసింది. పైటకొంగుతో తుడిచింది. స్టేజీ అంచున, ఆయన చేతి పక్కన, నిదానంగా పెట్టింది. పెట్టి, రెండు చేతులూ జోడించి, రెండడుగులు వెనక్కి వేసి అలాగే నిలబడింది. పక్కనున్న నాకు మాత్రం ఒకటి కనపడింది. చచ్చిన చక్రవర్తి చిటికెనవేలు కొంచెం జరిగి కిరీటాన్ని తాకింది. కామాక్షి అది చూసింది. చూసి గట్టిగా ఊపిరి వదిలింది.

తెర పడింది. ఆ చప్పట్లు ఎంతసేపు సాగాయో సంజీవరావును అడగండి, ఆయన చాలా బాగా చెబుతాడు. సన్మానాలకని మైకు అందుకున్నవాడు, చప్పట్లు తగ్గేదాకా దాన్ని చేత్తో పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఆయన్ను మెచ్చుకోవలసిన మాట కూడా ఒకటుంది. చప్పట్లు ఆగాక ఆయన మొదట అన్నది, "వచ్చే ఏడు గూడా వాతాపి ముందే" అని. రోషంతో అన్నాడో, మనస్ఫూర్తిగా అన్నాడో నాకెందుకు, అన్నాడు.

ఉపన్యాసాలు తొందరగా తెమలవు. కామాక్షి నా దగ్గరికొచ్చి, "అన్నా, ఈ లోపల రా, రెండు మెతుకులు తిని పోదువు," అంది. వాళ్ళిల్లు బడి వెనకే. ముత్యాలయ్య బోరింగు దగ్గర మొహం కడుక్కున్నాడు. ముగ్గురం నడిచాం. దారిలో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనా అడగలేదు. బాగుందో లేదో చెప్పమ్మా అని నాకే నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను.

వాకిట్లోకి రాగానే ఆమె గబగబా ముందుకు నడిచి, లోపలికి పోయి, తలుపేసేసింది. మేమిద్దరం బయట నిలబడ్డాం. ముత్యాలయ్య మొహం చిన్నబోయింది. నాకూ చప్పగా అయిపోయింది. ఇంత జరిగినా భయం పోలేదన్నమాట.

"ఎవురు?" అంది లోపలినుంచి.

"నేను, ముత్యాలయ్యను."

"ఎంటెంబడి ఎవురన్నా వచ్చినారా?"

"క్రీస్తురాజన్న ఉండాడు. ఇంకెవురూ రాలా."

తర్వాత గడియ తీసిన చప్పుడైంది. తలుపు బార్లా తెరుచుకుంది. కామాక్షి గడప అవతల నిలబడి ఉంది, కళ్ళు తుడుచుకుంటూ.

"మరి ఆ పెద్దాయన్ను యాడ ఇడిసిపెట్టి వచ్చినావు?" అంది. "ఇన్నేళ్ళూ బయటనే నిలబెట్టినా పాపం. పో, తోడుకోని రా. అన్నం వొండుండా."

ముత్యాలయ్య నా వంక చూశాడు. చెవుల వెనక రంగు ఇంకా పోలేదు. చెప్పులు విడిచి, చేతులు జోడించి, గడప ముందునుంచి పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. నేను కూడా తప్పుకున్నాను. వాతాపి చక్రవర్తి లోపలికి పోయేదాకా ఆగి, ఆ వెనక మేమిద్దరం పోయాం.